ముందు వేసిన లెక్క

మార్చి 3, మంగళవారం

మళ్ళీ డైరీ మొదలుపెట్టాను. ఎక్కడో ఒకచోట కక్కకపోతే పిచ్చెక్కేలా ఉంది. ఆఫీసులో చెప్పుకుంటే కంప్లైంట్ అంటారు. ఇంట్లో చెప్పుకుంటే అన్నయ్య సగంలోనే గురకపెడతాడు.

మా కంపెనీ అమ్మేది లెక్కలు చేసే ప్రోగ్రామ్. వంతెనలు, క్రేన్లు, టవర్లు కట్టే ఇంజనీర్లు తమ కొలతలు ఇస్తే అది ఎంత వంగుతుందో, ఎలా ఊగుతుందో చెబుతుంది. పైకి చూస్తే బంగారం. లోపల అంతా గ్లోబల్ వేరియబుల్స్. అంటే ఏ ఫైల్లోంచైనా ఎవరైనా చదవగలిగే, ఎవరైనా మార్చగలిగే విలువలు. మా ఇంట్లో కత్తెర లాంటివి. అందరూ వాడతారు, చివరగా ఎవరు దేనికి వాడి ఎక్కడ పారేశారో ఒక్కరూ చెప్పరు.

వాటన్నిటినీ ఏరేసి, ఏ ఫంక్షన్ విలువ ఆ ఫంక్షన్ గడప దాటకుండా చేయాలట. పని నా నెత్తిన పడింది. మేనేజర్ దీన్ని చిన్న క్లీనింగ్ అన్నాడు. జన్మలో చీపురు పట్టుకున్న మనిషైతే ఆ మాట అనడు.

మార్చి 5, గురువారం

‘టెంప్’, ‘టెంప్ టూ’, ‘టెంప్ న్యూ’, ‘టెంప్ ఫైనల్’. నాలుగూ గ్లోబల్సే. ఫైనల్ అన్నదాన్ని తర్వాత పదిహేను చోట్ల మార్చారు.

టీ మూడుసార్లు తాగాను. తల ఇంకా అలాగే పగులుతోంది.

మార్చి 6, శుక్రవారం

ఈరోజు మాస్టారి రోజు. ఈ ప్రోగ్రామ్ మొదట రాసింది ఆయనే. అంతకుముందు కాలేజీలో లెక్కలు చెప్పేవారట, అందుకే అందరికీ మాస్టారు. రిటైరయ్యాక కూడా మంగళవారం, శుక్రవారం సలహాదారుగా వస్తారు. తన కప్పు తనది, తన కుర్చీకి తన దిండు. ఆయన కోడ్‌లో మాత్రం దేనికీ ఆ మర్యాద లేదు.

‘జెజె’ అనే గ్లోబల్ దేనికని అడిగాను. అవసరం అన్నారు. దేనికి అవసరం అని మళ్ళీ అడిగాను. అవసరం ఉండబట్టే పెట్టానమ్మా అన్నారు. తీసేస్తే ఏమవుతుందంటే కొంపలు మునుగుతాయన్నారు. ఆయన ఎదురుగానే తీసేసి టెస్టులన్నీ వేశాను. ఏమీ మునగలేదు. తాపీగా కప్పు కడుక్కుంటూ, ఇవాళ మునుగుతాయని నేనన్నానా అన్నారు.

దేవుడా.

మార్చి 10, మంగళవారం

‘స్టార్ట్’ పోయింది. ఇవాళ నాకు పండగే.

ఇది చూడటానికి అమాయకంగా ఉంటుంది. ప్రతి లెక్కా పూర్తయ్యాక తన జవాబును ‘స్టార్ట్’లో వదిలి వెళ్తుంది. తర్వాత వచ్చే లెక్క సున్నా దగ్గర కాకుండా అక్కణ్ణుంచి వెతకడం మొదలుపెడుతుంది. మాస్టారిని అడిగితే ముఖం వెలిగిపోయింది. ఆ రోజుల్లో మెషీన్లు నత్తలట, ఒక్క లెక్కకి మధ్యాహ్నమంతా పట్టేదట. ఒకే వంతెనకి కొలతలు కొంచెం కొంచెం మార్చి పదిసార్లు వేసేవాళ్ళకి ఈ ఒక్క వేరియబుల్ ఎన్ని మధ్యాహ్నాలు మిగిల్చిందో తెలుసా అన్నారు. నిజమే, తెలివైన పనే. ఇప్పుడు ఆ లెక్కకి రెండు సెకన్లు పడుతుంది. ఆ రెండూ మిగల్చడానికి ఈ చెత్తంతా మొయ్యక్కర్లేదు కదా అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశారు.

ఇకనుంచి ప్రతి లెక్కా సున్నా నుంచే. టెస్టులన్నీ పాసయ్యాయి.

మార్చి 12, గురువారం

నేనుండేది అన్నయ్య వాళ్ళ ఇంట్లోనే, మేడ మీద గదిలో. వంటిల్లు ఒక్కటే. వదిన స్ట్రక్చరల్ ఇంజనీర్. ఆవిడ ఆఫీసులో వాడేది మా ప్రోగ్రామే. ఇది నా ఖర్మో ఆవిడ ఖర్మో ఇంకా తేలలేదు. ఆడపడుచు పోరు అందరికీ ఇంట్లోనే ఉంటుందనీ, తనకి మాత్రం ఆఫీసు కంప్యూటర్లో కూడా ఉందనీ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది.

రైలు స్టేషన్ నుంచి పట్టాల మీదుగా ఆసుపత్రి గేటు దాకా నడక వంతెన కట్టారు. డిజైన్ లెక్కలు వదినవి. ఏప్రిల్ మొదటి ఆదివారం తెరుస్తారు. ఆలోపు మా కొత్త వెర్షన్‌తో ఒకసారి లెక్క సరిచూసి, వంతెన భద్రమేనని సర్టిఫికెట్ మీద వదిన సంతకం పెట్టాలి. వట్టి లాంఛనం అంటోంది. సంతకం పెట్టే రోజుకి కొత్త పెన్ను కూడా కొనుక్కుంది. పెట్టాక తనకి ప్రమోషన్.

కొత్త వెర్షన్ సోమవారం ఇస్తానన్నాను. ఈసారైనా మీ ప్రోగ్రామ్ ఏడవకుండా పనిచేస్తుందా అంది. అన్నయ్య పేపర్ వెనక నవ్వుకున్నాడు.

మార్చి 17, మంగళవారం

ఆఫీసులో ఉండగా వదిన ఫోన్. హలో కూడా లేదు. నా వంతెనని ఏం చేశావ్ అని మొదలుపెట్టింది.

పాత వెర్షన్‌లో ఆ వంతెన మొదటి ఊపు సెకనుకి 3.6 సార్లు. కొత్త వెర్షన్‌లో 2.0. అదే ఫైలు, అవే కొలతలు. మనిషి మామూలుగా సెకనుకి ఇంచుమించు రెండు అడుగులు వేస్తాడు. 3.6 అయితే వంతెన ఎవరినీ పట్టించుకోదు. 2.0 అయితే నడిచేవాళ్ళ అడుగుకి అడుగు కలిపి అదీ ఊగుతుంది. జనం ఎక్కువైతే నిలబడలేనంతగా ఊగుతుంది. ఆ నంబర్ కింద ఏ ఇంజనీరూ సంతకం పెట్టరు.

ఇంట్లో పెద్ద రభస. నేను గ్లోబల్స్ ఏరుతున్నానన్న పేరుతో దేన్నో విరిచేశానట. ఇన్నాళ్ళూ నిక్షేపంలా ఉన్నదాంట్లో వేలు పెట్టమని నన్నెవరు అడిగారట. నాకు ఒళ్ళు మండింది. నిక్షేపంలా ఉందంటే లోపల చూడకపోబట్టేనని నేనూ అన్నాను. కంచం ముందు నుంచి ఇద్దరం లేచిపోయాం. అన్నయ్య ఒక్కడే కూర్చుని తిన్నాడు.

మార్చి 18, బుధవారం

వదిన ఫైలు తెచ్చి నా మెషీన్ మీద వేశాను. కొత్త వెర్షన్, 2.0. సరే. పాత వెర్షన్, అది కూడా 2.0!

వదిన మెషీన్ మీద పాత వెర్షన్ 3.6 చూపిస్తోంది. నా మెషీన్ మీద అదే పాత వెర్షన్ 2.0 చూపిస్తోంది. పది సార్లు వేశాను. పది సార్లూ 2.0.

ఫోన్ చేసి చెప్పాను. నీ మెషీన్‌కీ నీ బుద్ధే వచ్చిందంది.

మార్చి 18, సాయంత్రం

ఇంకో పది సార్లు వేశాను.

మార్చి 20, శుక్రవారం

వదిన ఆఫీసు వాళ్ళు మా కంపెనీకి అధికారికంగా రాశారు. జవాబులు మారాయి, మాకు పాత జవాబులే కావాలి అని. ఏది సరైనదో కాదు, ఏది పాతదో అది కావాలట.

మేనేజర్ నన్ను గదిలోకి పిలిచి చాలా మెత్తగా మాట్లాడాడు. అతను మెత్తగా మాట్లాడితేనే నాకు భయం. కస్టమర్ కోసం ఒక స్విచ్ పెట్టాలట. నొక్కితే పాత జవాబు, నొక్కకపోతే కొత్త జవాబు. ఆ స్విచ్ ప్రోగ్రామ్‌లో అన్నిచోట్లా పనిచేయాలి కాబట్టి దాన్ని ఒక గ్లోబల్ వేరియబుల్‌గా పెట్టమన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గ్లోబల్స్ తీసేయమని జీతం ఇస్తున్నదీ ఈయనే.

పాత జవాబు ఎక్కణ్ణుంచి వస్తోందో నాకే తెలియదు, తెలియనిదాన్ని ఎలా తెచ్చిపెట్టను అన్నాను. అది నీ టెక్నికల్ విషయం అన్నాడు. బుధవారం లోపు కావాలట.

మాస్టారు వచ్చారు, దిండు సర్దుకున్నారు, వెళ్ళారు. అడగలేదు. అడిగితే అవసరం అంటారు.

మార్చి 21, శనివారం

వదిన నాతో మాట్లాడటం మానేసి రెండు రోజులు. చెప్పాల్సిందంతా అన్నయ్యతో చెప్పిస్తోంది. నేను వంటింట్లో ఆవిడ పక్కనే నిలబడి ఉండగా, పాలు పొంగుతున్నాయని మీ చెల్లెలికి చెప్పండి అని హాల్లోకి కేక వేసింది. అన్నయ్య వచ్చి నాకు చెప్పేసరికి పాలు స్టవ్ మీద ఉన్నాయి.

ఆ స్టవ్ తుడుస్తూ నేనే తగ్గాను. ఆఫీసులో ఎలా వేస్తావో అచ్చం అలాగే ఇక్కడ నా ముందు ఒకసారి వెయ్యి, నేను నోరెత్తను అన్నాను. కాసేపు బెట్టు చేసి, లాప్‌టాప్ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది.

పాత వెర్షన్ తెరిచింది. వంతెన ఫైలు తెరవలేదు. ఏదో చిన్న ఫైలు తెరిచి రన్ చేసింది. ఇదేంటి అన్నాను. నోరెత్తనన్నావుగా అంది. తర్వాత తనే చెప్పింది. అది చిన్న దూలం. దాని ఊపు చేత్తో లెక్కవేస్తే సెకనుకి మూడున్నర అని వాళ్ళకి తెలుసు. ఏ లెక్క వేసే ముందైనా ఆ దూలం వేసి, మూడున్నర వచ్చిందో లేదో చూసుకోవాలి. వస్తే ప్రోగ్రామ్ సరిగ్గా ఉన్నట్టు. అది వాళ్ళ ఆఫీసు రూలు, గోడ మీద కూడా అంటించి ఉంటుందట. మాలా ఎడాపెడా వేసేవాళ్ళు కారట వాళ్ళు.

దూలం, 3.5. అలాగే మూయకుండా వంతెన ఫైలు తెరిచింది. 3.6.

నాకు ‘స్టార్ట్’ గుర్తొచ్చింది.

వంతెనకి ఒక్క ఊపు కాదు, చాలా ఉంటాయి. ప్రోగ్రామ్ వెతకడం ఎక్కడ మొదలుపెడితే దానికి దగ్గర్లో ఉన్న ఊపు దొరుకుతుంది. సున్నా దగ్గర మొదలుపెడితే అన్నిటికన్నా కిందిది దొరుకుతుంది, మనకి కావలసింది అదే. కానీ చిన్న దూలం తన 3.5ని ‘స్టార్ట్’లో వదిలిపెట్టి వెళ్ళింది. వంతెన లెక్క 3.5 దగ్గర వెతకడం మొదలుపెట్టి, పక్కనే ఉన్న 3.6ని పట్టుకుని ఇదే మొదటిదని చెప్పింది. కింద ఉన్న 2.0 వైపు తొంగి కూడా చూడలేదు.

ప్రోగ్రామ్ మూసి, మళ్ళీ తెరిచి, దూలం లేకుండా నేరుగా వంతెన వేయమన్నాను. పాత వెర్షన్‌లోనే. 2.0.

అందుకే ఇన్నేళ్ళూ ఎవరూ కంప్లైంట్ చేయలేదు. నేరుగా వేసే బద్ధకస్తులందరికీ సరైన జవాబే వస్తోంది. మా టెస్టులు కూడా ఒక్కోదాన్ని కొత్తగా తెరిచి వేస్తాయి, వాటికీ సరైనదే వస్తోంది. తప్పు జవాబు వచ్చింది ఒళ్ళు దగ్గర పెట్టుకుని ముందు సరిచూసుకున్నవాళ్ళకి మాత్రమే. ఇంత అన్యాయం నేనెక్కడా చూడలేదు. కేకలు వేయాలనిపించింది, ఎవరి మీద వేయాలో తెలియలేదు.

వదిన లాప్‌టాప్ మూసేసింది. తర్వాత, నిన్నూ నమ్మను, నీ ప్రోగ్రామ్‌నీ నమ్మను, రేపు వెళ్ళి వంతెననే అడుగుతాను అంది.

మార్చి 22, ఆదివారం

పొద్దున్నే మాస్టారికి ఫోన్ చేశాను. నిన్న రాత్రంతా ఆయన్ని మనసులో కడిగేస్తూ పడుకున్నాను, కాబట్టి మాటలు సిద్ధంగా ఉన్నాయి. ముందు జరిగిందంతా చెప్పాను. చివర్లో ఆయన వంతెన ఎక్కడా అని అడిగారు. మేం వెళ్ళేసరికి ఆయన ఆఫీసు బట్టల్లో, ఆఫీసు బూట్లతో గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

వాచ్‌మన్ ఒక పట్టాన గేటు తీయలేదు. ఆదివారం పని లేదు పొమ్మన్నాడు. ఈ వంతెన లెక్క నాదే అని వదిన కార్డు చూపించింది. లెక్క మీదైతే ఆదివారం మళ్ళీ ఎందుకొచ్చారని అడిగాడు. గేటు మాత్రం తీశాడు.

వంతెన నడిమధ్య వదిన ఊపు కొలిచే పెట్టె పెట్టింది. అన్నయ్య, నేను, మాస్టారు వరసగా నిలబడ్డాం. వదిన చప్పట్లు కొడుతుంటే ఆ లయకి అడుగులు వేయాలి. మొదట సెకనుకి మూడున్నర. దాదాపు పరుగే. మాస్టారికి ఆయాసం వచ్చింది. వంతెన ఉలకలేదు పలకలేదు, ఆ ఊపుకి నడిమధ్య కదలదట. అన్నయ్య సంతోషపడిపోయి, రాయిలా ఉంది కదా అన్నాడు. వదిన చప్పట్లు నెమ్మది చేసింది. సెకనుకి రెండు. మామూలు నడక.

మొదట ఏమీ తెలియలేదు. తర్వాత నా కాలు నేను అనుకున్నదానికన్నా కొంచెం ముందే నేలకి తగిలింది. మళ్ళీ తగిలింది. నేల పైకి వచ్చి నా పాదాన్ని అందుకుంటోంది. రెయిలింగు సన్నగా మోగింది. అన్నయ్య నవ్వు ఆపేశాడు. మేం నడిచేది ముగ్గురమే. తెరిచే రోజున వందల మంది ఉంటారు, ఆసుపత్రికి వెళ్ళే రోగులూ ముసలివాళ్ళూ ఉంటారు, కింద రైళ్ళు ఉంటాయి. నాకు భయం వేసింది. ఆపమని నేనే అరిచాను.

వదిన వంగి పెట్టె చూసింది. 2.0. చూపుడు వేలితో ఆ అంకె మీద దుమ్ము తుడిచింది, తుడిస్తే మారుతుందేమో అన్నట్టు.

మాస్టారు రెయిలింగు పట్టుకుని అలాగే నిలబడ్డారు. మనుషులకి మధ్యాహ్నాలు మిగల్చాలనుకున్నానమ్మా, అంతే, అన్నారు. సిద్ధం చేసుకున్న మాటలన్నీ నా దగ్గరే ఉంచుకున్నాను. ఆయన చేయి పట్టుకుని మెట్లు దింపాను.

మార్చి 23, సోమవారం

వదిన మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేసింది.

సంతకం పెట్టనని చెప్పిందట. వంతెన కింద ఊపును పీల్చుకునే బరువులు వేలాడదీయాలి, నెలలు పడుతుంది, అప్పటిదాకా తెరవకూడదు అందట. వాళ్ళ బాసు పాత వెర్షన్ కాగితం తీసి, 3.6 అని నువ్వే కదా ఇచ్చావు, దీని మీదే పెట్టెయ్ అన్నాడట. ఆ కాగితం అబద్ధం కాదు, ఆ రోజు తెర మీద నిజంగా అదే వచ్చింది, ఎవరూ నిన్ను తప్పుపట్టలేరు అని కూడా అన్నాడట. నిన్న నా కాళ్ళ కింద కదిలిందండీ అని చెప్పిందట వదిన. మళ్ళీ చెప్పేదాకా ఆఫీసుకి రావద్దన్నారు. ఆవిడ సీట్లో సాయంత్రానికి వేరే మనిషి.

నాకు ఇదంతా చెబుతూ కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. నేను తుడిచి పెట్టాను. నేను ఆ గ్లోబల్ తీయకపోయి ఉంటే వదిన ఈపాటికి కొత్త పెన్నుతో సంతకం పెట్టి ఉండేది. ఆ మాట పైకే అన్నాను. అయితే ఇంకా ముందే ఎందుకు తీయలేదో చెప్పు అంది. ఆవిడకి కోపం వస్తే నాకిప్పుడు హాయిగా ఉంది.

మార్చి 24, మంగళవారం

కొత్త వెర్షన్‌తో పాటు కస్టమర్లందరికీ వెళ్ళే నోట్‌లో మేనేజర్ రాసింది ఇది. చిన్న చిన్న మార్పులు, వేగంలో మెరుగుదల.

వేగం తగ్గిందయ్యా బాబూ! తగ్గించింది నేనే!

జరిగింది జరిగినట్టు రాయాలి అన్నాను. వదిన ఆఫీసు లాంటి జాగ్రత్తపరులు ఇంకెంతమంది ఉన్నారో, వాళ్ళు ఏమేం కట్టారో మనకి తెలియదు అన్నాను. లాయర్‌ని అడగాలన్నాడు. లాయర్ ఎప్పుడు చెబుతాడంటే వచ్చే నెల. నిన్ను అడిగింది క్లీనింగ్ కదా, ఊరంతా చాటింపు ఎందుకు అన్నాడు. పాత జవాబు స్విచ్ సంగతి మర్చిపోవద్దని గుమ్మం దాకా వచ్చి మరీ గుర్తుచేశాడు.

మార్చి 25, బుధవారం

స్విచ్ రాయలేదు.

భోజనాల బల్ల దగ్గర వదినా నేనూ కలిసి ఉత్తరం రాశాం. ఈ ప్రోగ్రామ్‌లో ముందు ఒక లెక్క వేసి, మూయకుండా రెండోది వేసి ఉంటే, ఆ రెండో జవాబు బహుశా తప్పు కావచ్చు, మళ్ళీ వేసి చూసుకోండి అని. నా మొదటి డ్రాఫ్ట్ ఒక పేజీ ఉంది, అందులో గ్లోబల్ వేరియబుల్స్ మీద నా ఆక్రోశం ముప్పావు. వదిన మొత్తం కొట్టేసింది. నీ కడుపుమంట వాళ్ళకెందుకంది. మాస్టారికి పంపితే ఆయన ఒకే ఒక్క మార్పు చేసి తిప్పి పంపారు. ‘బహుశా’ తీసేశారు. కింద, ఆ వేరియబుల్ పెట్టింది తానేనని తన పేరు రాశారు.

మార్చి 26, గురువారం

అందరికీ పంపేశాను. ఎవరినీ అడగలేదు.

మార్చి 27, శుక్రవారం

మేనేజర్ నాతో మాట్లాడటం లేదు. ఇంత ప్రశాంతంగా ఈ ఆఫీసులో ఎప్పుడూ పనిచేయలేదు. రేపో ఎల్లుండో నాకూ ఒక ఉత్తరం వస్తుంది, తెలుసు.

మార్చి 28, శనివారం

మొదటి జవాబు వచ్చింది. ఎప్పుడూ పేరు వినని ఆఫీసు. వాళ్ళూ ముందు చిన్న దూలం వేసి చూసుకుంటారట. మళ్ళీ వేస్తే వాళ్ళ వంతెనకి 1.9 వచ్చిందట. తెరిచి చాలాకాలమైందట. సాయంత్రం దాని మీదుగా ఊరేగింపు ఉందట, ఏం చేయమంటారని అడిగారు.

నేను జవాబు ఎలా మొదలుపెట్టాలా అని చూస్తుంటే వదిన లాప్‌టాప్ తన వైపు లాక్కుంది. వంతెన రెండువైపులా ఇప్పుడే మూసేయండి అని రాసింది. కింద తన పేరు పెట్టింది, పేరు కింద హోదా పెట్టింది.

ఆ హోదా సోమవారం నుంచీ ఆవిడకి లేదు.